తడి చౌడులో మోగని బంగారం

మా మామ పోయాడు. బేతంచెర్లలో మోటార్ల వైండింగ్ షాపు నడిపిన మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మొన్న మా ఊరి చేలో పడిపోయాడని ఫోన్ వచ్చింది. ఏ చేలో అని నేను అడగలేదు.

షాపుకు బోరు మోటారు ఏది వచ్చినా, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు మామ. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాల్లో కాలిన తీగ వాసన పోయేది కాదు. బంగారం పిచ్చి కూడా ఉండేది. తొలకరికి జనమంతా తుగ్గలి వైపు చేలల్లో వజ్రాలు వెతుకుతుంటే, ఈయన బెంగుళూరులో కొన్న పాత మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని బంగారు నలుసుల కోసం తిరిగేవాడు. ఒక్క నలుసు దొరికిన పాపాన పోలేదు.

దానికి నేల మీద తిప్పే రెండు కాయిల్స్, మార్చి మార్చి బిగించుకోవాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద కాయిల్ లోతుకు పోతుంది, పాతిపెట్టిన బిందెనైనా పట్టేస్తుంది. గింజంత బంగారం, పలచటి రేకు బంగారం మీద మాత్రం నోరు మెదపదు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న కాయిల్ జొన్నగింజంత బంగారానికీ మోగుతుంది. కానీ తడిసిన ఉప్పునేల మీద పెడితే ఊరికే మోగుతూనే ఉంటుంది. "మోగల్యాదంటే ఈడ లేదని కాదప్పా, దానికి తెలీదని" అనేవాడు. అంత తెలిసిన మనిషి ఒక్కరోజు ఆ మాట పక్కన పెట్టాడు.

కొన్నేళ్ల కిందట ముసురు పట్టి మా మట్టి మిద్దె కూలింది. వాన దిగకుండా మా వైపు మిద్దెల మీద చౌడు పరుస్తారు. ఆ ఉప్పుమట్టంతా నాని నాయన మీద పడింది. మట్టి తోడి ఆయన్ను బయటికి లాగేటప్పుడు అమ్మ తాళి తెగింది. పుట్టింటి బొట్టు, అత్తింటి బొట్టు, రేకంత పలచటివి, రెండూ మట్టిలో కలిశాయి. నాయనను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆయన బతకాలంటే బొట్లు దొరకాలని అమ్మకు మనసులో పడిపోయింది. మెడలో పసుపుకొమ్ము కట్టుకుని ఆ కుప్ప ముందే కూర్చుంది.

మామ వచ్చి చిన్న కాయిల్ పెడితే తడి చౌడు మీద అది కీచుమంటూనే ఉంది. మట్టి ఆరనిస్తే పట్టుకుంటానన్నాడు. అమ్మ వినలేదు.

"మీ బావ ఆడ పడుండాడు రా. ఈ పొద్దే సూడు."

అక్క మాట కాదనలేక పెద్ద కాయిల్ బిగించాడు. అది ఊరికే మోగకుండా నడిచింది. గడ్డపార, మేకులు, చొట్టపోయిన చెంబు దొరికాయి. ఇందులో బొట్లు లేవని మామ చెప్పిన మట్టిని ట్రాక్టర్‌లో తోలి మా చేలో పోశారు. మిగిలిన కుప్ప ఎండకు ఆరాక చిన్న కాయిల్ పెడితే పుట్టింటి బొట్టు ఒక్కటే దొరికింది. అత్తింటిది చేలోకి తోలిన మట్టిలోనే పోయింది. దాన్ని కడిగి అమ్మ చేతిలో పెట్టేలోపే నాయన పోయాడని కబురు వచ్చింది.

అమ్మ తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. అదే ఆయన్ను తినేసింది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడేమో. మా ఇంటికి స్లాబు వేయించాడు, నాకు వైండింగ్ నేర్పాడు. ఈరోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే. కానీ ఏటా ఎండాకాలం నేల ఆరగానే, చిన్న కాయిల్ తగిలించుకుని ఆ చేలో తిరిగేవాడు. అమ్మ మజ్జిగ పంపేది తప్ప మాట పంపేది కాదు. ఇక చాలని చెప్పమ్మా అని నేను కసిరితే, విననట్టే బియ్యం చెరిగేది.

మొన్న మేము పోయేసరికి మామ సాలులో బోర్లా పడి ఉన్నాడు. ఆయన చెయ్యి విడిపించి నేను డిటెక్టర్ పైకెత్తుతుంటే, చిన్న కాయిల్ అక్కడి మట్టి మీదుగా పోతూ సన్నగా మోగింది. పొడి నేల. అందరూ ఆ చోటే చూశారు. పక్కింటాయన పార అందుకున్నాడు.

"తవ్వగాకండప్పా," అంది అమ్మ. "దొరికినా ఇంక నేను యాడ కట్టుకోవాల? ఈ మాట ముందే చెప్పింటే నా తమ్ముడు ఇంటికి పోయిండేవాడు."

మామను ట్రాక్టర్ ట్రాలీలో పడుకోబెట్టి, ఆయన మిషన్ పక్కనే పెట్టాం. ట్రాలీ ఇనుముకు అది మోగడం మొదలుపెట్టింది. ఆ కుదుపుల్లో ఎంత తడిమినా నాకు స్విచ్ దొరకలేదు. ఊరు చేరేదాకా అది మోగుతూనే ఉంది, అమ్మ తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని వింటూనే ఉంది.