నవత లారీ ఎందుకు మెల్లబడ్డది

చిలకలగూడలో చీరలకు ఫాల్, పీకో చేసే నవతకు ఒక షోకుంది. మధ్యాహ్నం గిరాకీ పల్చబడగానే షట్టరు సగం దించి, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని లారీ తోలుతుంది. ఎన్నడూ పేరైనా వినని ఊళ్ల మధ్య, మంచు కొండల మీద, పేద్ద లారీ. అసలైతే ఆమెకు స్కూటీ కూడా రాదు. భర్త దుర్గేష్ సిటీ బస్సు డ్రైవరు. "నేను దినమంతా స్టీరింగ్ తిప్పలేక పరేషానైతుంటె, నువ్వు కావాలని తోల్తున్నవేందే!" అని నవ్వుతాడు.

నవతది చిన్నప్పటినుంచీ అదో గుణం. ఏదైనా ఆగిపోతే బాగుచేయించడం కన్నా, ఎందుకు ఆగిందో తెలుసుకోవడం మీదే పాణం. పెళ్లిచూపుల పొద్దున కూడా గోడగడియారం ఊడదీసుకుని కూర్చుందని అత్త దేవమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది.

మొన్న పెళ్లిళ్ల సీజన్లో చేతినిండా పని. నెల పైనే ఆట జోలికి పోలేదు. తీరిక దొరికి కూర్చున్న రోజు లారీ మంచిగానే బయల్దేరింది. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా మెల్లబడ్డది. దారి పక్క చెట్లు ఆగి ఆగి కదిలాయి. స్టీరింగ్ ఇప్పుడు తిప్పితే బండి ఎప్పుడో తిరిగి లోయలో పడ్డది. కంప్యూటర్ ఆపి, చాయ్ తాగి వచ్చి మళ్లీ పెడితే కాసేపు సాఫీగా నడిచి, మళ్లీ అదే తంతు.

ఆ కంప్యూటర్ బిగించి ఇచ్చింది కార్ఖానా బస్తీలో ఉండే తమ్ముడు రాఘవేందర్. ఫోన్ చేసింది.

"ప్రోగ్రాంలన్నీ తీసేసి మళ్ల ఎక్కియ్యాలె అక్కా. ఆదివారం వస్తా తియ్."

"షురూల మంచిగనే ఉంటుంది రా. జెర సేపైనంకనే మొరాయిస్తుంది. నా కుట్టుమిషన్ మోటర్ సుత వేడెక్కితే గిట్లనే చేస్తది."

"గట్లనా? అయితే వేడే చూద్దాం," అని, లోపలి వేడి చూపించే చిన్న ప్రోగ్రాం ఎక్కించమన్నాడు. అంకెలు ఆమె కళ్లముందే ఎగబాకి తొంభై దాటాయి.

"బంద్ చెయ్ అక్కా! కాలిపోవద్దని అదే స్పీడు తగ్గించుకుంటుంది. ప్లగ్గు పీకి, పక్క రేకు తీసి లోపల ఫ్యాను చూడు."

రేకు తీసింది. ఫ్యాను రెక్కను వేలితో తోస్తే కదల్లేదు. రెక్కకూ చట్రానికీ నడుమ బొటనవేలంత మట్టి గొట్టాలు, ఒకదాని పక్కన ఒకటి, నున్నగా మెత్తినట్టు.

"దీంట్ల మట్టేంది రా?" అని వీడియోలో చూపించింది.

రాఘవేందర్ పడీ పడీ నవ్వాడు. "కందిరీగ గూడు అక్కా! ఎనకాల ఊడిన రేకు సందులకెల్లి దూరింది. తీసి పారెయ్."

నవత పారేయలేదు. బ్లేడుతో మెల్లగా ఒలిచింది. ఒక గొట్టం చిట్లి, లోపల సాలీళ్లు కిక్కిరిసి కనిపించాయి. చచ్చాయనుకుని సూదిమొనతో తాకితే ఒకదాని కాలు నెమ్మదిగా ముడుచుకుంది. వాటి నడుమ తెల్లటి పురుగు తింటూ ఉంది. ఆమె కళ్లు తిప్పుకోలేకపోయింది. తల్లి కందిరీగ పిల్లకు సద్ది కట్టి తలుపు మూసి పోయిందన్న మాట! కుళ్లకుండా ఉండాలని చంపకుండా మత్తులో పెట్టింది. ఆ లెక్క దానికెవరు నేర్పారు?

చిట్లని గొట్టాలను గాజు సీసాలో పెట్టి, మూతికి నెట్టు గుడ్డ కట్టింది. ఫ్యాను తుడిచి తిప్పితే గిర్రున తిరిగింది. రేకు ఊడిన సందుకు సన్నటి జాలీ బిగించింది. ఆ రోజే లారీ ఘాట్ రోడ్డంతా ఎక్కి దిగింది, వేడి అరవై దాటలేదు.

కానీ ఆ తర్వాతి వారాల్లో మధ్యాహ్నాలు ఆట కన్నా సీసా ముందే ఎక్కువ గడిచాయి. దేవమ్మ "ఇంట్ల విషపు పురుగులను సాదుడేందమ్మా?" అని గొణిగింది. పోతూ పోతూ మాత్రం తనూ తొంగి చూసింది.

ఒకనాడు ఒక గొట్టానికి చిల్లి పడింది. నల్లటి తల బయటికొచ్చింది, తర్వాత దారమంత నడుము. కందిరీగ సీసా అంచున నిలబడి ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది. నవత కిటికీ తెరిచి గుడ్డ విప్పింది. అది వెంటనే ఎగరలేదు.

"అక్కా, నా చీర అయిందా?" అని ముందు గదిలోంచి ఎవరో పిలిచారు.

"ఒక్క నిమిషం," అంది నవత, చూపు తిప్పకుండా.