అమ్మవారిని పడవెక్కించే ఊరు

గల్ఫ్‌లో, ఫింటాస్‌ అనే ఊళ్లో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లం, నేనూ మా కోనసీమ అమ్మాయీ. ఆమె నాకన్నా ఆరేళ్లు వెనక వచ్చింది. అయినా మేం 'మామా' అని పిలిచే యజమానురాలు, పిల్లల్ని చూసుకోవడానికి ఆమెనే ఇటలీ తీసుకెళ్లి, నన్ను ఇంటికి కాపలా ఉంచింది.

సముద్రం ఒడ్డున చిన్న ఊరట. తిరిగొచ్చాక ఫోన్‌లో వీడియో చూపించింది. మేరీమాతను భుజాల మీద మోసుకొచ్చి పడవ ఎక్కిస్తున్నారు.

"అచ్చం అమ్మవారిని ఊరేగించే మన తీర్థంలాగే ఉందక్కా," అంది.

"ఇస్త్రీ ఉంది నాకు," అని లేచిపోయాను.

వెనకాలే వచ్చింది. "నేనూ కిందకి దిగలేదక్కా. చంటిదానికి జొరం వచ్చింది. హోటల్ కిటికీలోంచే తీశాను."

జాలి పడాల్సింది. కిటికీ అయినా దొరికింది కదా అనుకున్నాను.

మర్నాడు ఆ వీడియో పంపమని అడిగాను. వెంటనే పంపింది. ఇప్పటికీ ఆమె పక్కన లేనప్పుడే చూస్తాను.