ఒత్తులు ఊడిన పోస్టరుతో కాకినాడ వెళ్లొచ్చాను

కొవ్వూరు నుంచి కాకినాడకు ఒంటరిగా వెళ్లడం నాకు అదే మొదటిసారి. డిగ్రీలో గ్రాఫిక్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. కాకినాడలో ఒక చిన్న డిజైన్ ఆఫీసుకు రెండు నెలలకు ట్రైనీ కావాలని తెలిసి ఫోన్ చేస్తే, చేసిన పనులు పట్టుకుని పదకొండున్నరకు రమ్మన్నారు. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. ఇది పోతే ఇంకెవరిని అడగాలో కూడా నాకు తెలియదు.

పొద్దున్న ఆరింటికి ఫైలు సర్దుతుంటే అమ్మ నాట్లకు బయలుదేరుతూ అన్నిటికన్నా పైనున్న పోస్టరు చూసింది. మా చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక కోసం నేను చేసిందే. ముందురోజు కాలేజీ ల్యాబులో మళ్లీ ప్రింటు తీయించాను.

"చర్చి బోర్డు మీద ఈ అక్షరాల కింద కొక్కేలుంటాయి కదే. ఇందులో లేవేంటి?"

"ఇది కొత్త రకం డిజైనమ్మా. నీకు తెలీదులే."

ఏడింటికి గోదావరి వంతెన మీదుగా రాజమండ్రి బస్ కాంప్లెక్సుకు, అక్కడ ఎనిమిదింటికి సామర్లకోట మీదుగా వెళ్లే బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. సీటు దొరికినా ఒళ్లో ఫైలు నలిగిపోతుందేమోనని సరిగ్గా కూర్చోలేకపోయాను. ద్వారపూడి దాటాక పక్కన కూర్చున్న పెద్దావిడ పోస్టరు అడిగి తీసుకుని, పైకి చదవబోయి ఆగారు.

"స్... త్... రీల... అక్షరాలకి నత్తొచ్చిందేంటమ్మా?"

అప్పుడు చూశాను. ల్యాబు కంప్యూటరులో ఆ తెలుగు ఫాంటు లేక ఒత్తులన్నీ విడిపోయి పక్కకు వచ్చేశాయి. అమ్మ అన్న కొక్కేలు అవే.

కాకినాడలో దిగేసరికి పది దాటింది. మళ్లీ ప్రింటు తీయిద్దామంటే డిజైను అసలు ఫైలు కాలేజీ కంప్యూటరులో ఉంది. పోస్టరు తీసేద్దామా అనుకున్నాను, కానీ ఉన్నవాటిలో మంచి పని అదే. షేర్ ఆటోకి ఇరవై ఇచ్చి ఆఫీసుకు చేరాను. ఆఫీసాయన ఒక్కొక్కటీ తిప్పుతూ పోస్టరు దగ్గర ఆగగానే నేనే చెప్పేశాను.

"ఒత్తులు విడిపోయాయండి."

"ప్రింటుకి ముందు ఎవరికీ చూపించలేదా?"

"ప్రింటయ్యాక మా అమ్మ చూసి చెప్పిందండి. నేనే వినలేదు."

"అమ్మగారు టీచరా?"

"కాదండి. చదువు రాదు. పొలం పనికెళ్తుంది."

ఆయన పోస్టరును మళ్లీ తనవైపు తిప్పుకుని కాసేపు చూశారు. "ఫోన్ చేస్తామమ్మా," అన్నారు. అంతే.

ఇది జరిగి నాలుగు రోజులు. ఫోన్ రాలేదు. రింగు వినపడదేమోనని స్నానానికి వెళ్లినా తలుపు దగ్గరే పెడుతున్నాను. నేను అక్షరాలను చదువుతాను కాబట్టి వాటి ఆకారం చూడటం మానేశాను. అమ్మకు చదవడం రాదు కాబట్టి ఆకారమే చూసింది. నిన్న సాయంత్రం సరిచేసిన పోస్టరు ఆమె ముందు పెట్టాను. వేలితో ఒక్కో కొక్కెం తడిమి, "ఇప్పుడు సరిపోయింది," అంది.

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లకు ఒకే మాట: తెలుగు ప్రింటును బయలుదేరే ముందురోజే ఇద్దరికి చూపించండి. ఒకరు పైకి చదివేవాళ్లు, ఇంకొకరు చదువు రానివాళ్లు.