బాయిలర్ శుభ్రం, నాలుగు రోజులు

ఈ వారమంతా బెడోక్‌లో మా బ్లాకుకు రంగులు వేస్తున్నారు. రంగుకు ముందు వరండా కటకటాల తుప్పు వదిలించాలి కదా, ఇనుము మీద ఇనుము రాసే ఆ గరగర పొద్దున్నే మొదలవుతుంది. బైబిలు తెరిచి కూర్చుంటాను. ఒక్క వచనం లోపలికి పోదు. లేచి తిరుగుతాను, మళ్ళీ కూర్చుంటాను. దానియేలు అంకుల్ పోయి ఏడేళ్ళయింది. ఆయన తండ్రి బతుకంతా ఇలాంటి శబ్దం మధ్యనే గడిచిందట.

పరిశోధన కోసం కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి క్లెమెంటిలో గది అద్దెకు తీసుకున్న కొత్తలో మా తెలుగు సంఘంలో ఆయన్ను చూశాను. అప్పటికే ఎనభైకి దగ్గర పడ్డారు. తాతల నాడు గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, తెలుగులో టైపింగ్ వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. ఆయన తెలుగులో ఇక్కడి మలయ్ మాటలు కలిసిపోయేవి. "అయితే దేవుడే పంపాడు లా. శనివారం ఇంటికి రా. మకాన్ మా ఇంట్లోనే, ఆంటీ చేపల పులుసు పెడుతుంది."

పాసిర్ రిస్‌లోని ఆ ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీద పళ్ళెం పెట్టే చోటు లేదు. అన్నీ కాగితాలే. ఒక బ్రిటిష్ డిస్ట్రాయర్ యుద్ధనౌక రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఏ నెలలో ఏ రేవులో ఉంది, ఏ సరుకు ఓడలకు కాపలా వెళ్ళింది, ఏ జలాంతర్గామిని తరిమింది అన్న వివరాలు ఇరవై ఏళ్ళుగా పోగు చేశారు. వాటన్నిటినీ తెలుగులో ఒక చరిత్రగా రాయించాలని ఆయన కోరిక. పోరాటాలు వచ్చినప్పుడు నా వేళ్ళు చురుగ్గా కదిలేవి. ఆయన మాత్రం నేను గబగబా దాటేసే చోట ఆపేవారు. 'సింగపూర్. బాయిలర్ శుభ్రం, నాలుగు రోజులు.'

"దీని కింద గీత గీయి. ఇది మా నాన్న."

ఓడ రేవుకు వచ్చి బాయిలర్లు చల్లారాక, లోపలికి దూరి గొట్టాలకు పట్టిన మసి గీకే పని ఆయన తండ్రిది. ఆ ఓడ ఎన్నిసార్లు వచ్చినా ఆ ముఠాలో ఉండేవాడు. జపాను సైన్యం ఊరి ముంగిటికి వచ్చిన రోజుల్లో, మరమ్మతు సగంలో ఉండగానే ఓడ బయలుదేరింది. లోపల పని చేస్తున్న ముగ్గురు కూలీలు దానితోనే వెళ్ళిపోయారు. ఓడ బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఒక రోజు ఆగి మళ్ళీ సముద్రంలోకి వెళ్ళి మునిగింది. ముగ్గురిలో ఎవరూ తిరిగి రాలేదు. అప్పటికి అంకుల్‌కు ఆరేళ్ళు.

ఆ కథ నా మనసులో ఆగలేదు. మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పుకుంటాం. ఒక ఆదివారం లేచి, దానియేలు అంకుల్ తండ్రి తప్పించుకునే వీలున్నా ఓడను విడవకుండా ప్రాణం అర్పించారని చెప్పాను. "స్తోత్రం!" అన్నారు వెనక వరుసల వాళ్ళు. నా గొంతు ఇంకా పెరిగింది. ఇంతలో అంకుల్ కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఆగమ్మా. మా నాన్న మునిగాడని నీకెవరు చెప్పారు?"

"అంకుల్, ఓడ మునిగింది కదా..."

"ఓడ మునిగింది. మా నాన్న సంగతి నాకు తెలీదు. నాకు తెలియనిది నీకెలా తెలుసు?"

కూర్చున్నాను. తల ఎత్తలేకపోయాను. చెప్పకుండా వెళ్ళిపోతుంటే కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ దగ్గర ఆయనే పట్టుకున్నారు. టిష్యూ ప్యాకెట్ విసిరి బల్ల చోప్ చేసి, అంటే మాకని పట్టి పెట్టి, "కోపం ఇక్కడ పెట్టు, కాపీ తాగు" అన్నారు. నవ్వు రాలేదు.

"యుద్ధం అయ్యాక ఒకాయన వచ్చి, మీ నాన్నను బటావియా బజారులో చూశాను, పక్కన ఒక ఆడమనిషి ఉంది అని మా అమ్మతో చెప్పాడు. ముప్పై ఏళ్ళు తిట్టుకున్నాను నాన్నని. తర్వాత ఒక పాస్టర్ గారు, లేదయ్యా, ఓడతోనే పోయి ఉంటాడు అన్నారు. అప్పటి నుంచి ఏడుస్తున్నాను. రెండిట్లో ఒకటి అబద్ధం కదమ్మా. క్షమించాలా, ఏడవాలా? మోకాళ్ళ మీద కూర్చున్న ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతాను. నువ్వేమో రెండు నిమిషాల్లో తేల్చేశావు."

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంగ్లండు నుంచి కవరు వచ్చింది. ఆ ఓడలో బతికి బయటపడ్డ ఒక అధికారి రాసుకున్న పేజీ నకలు. మంచం పక్కన నిలబడి చదివాను. బటావియాలో రేవు కూలీలను దిగిపొమ్మన్నారు. ఇద్దరు దిగారు. ఒకడు మాత్రం, గొట్టం కారుతోందని, పని పూర్తి చేస్తానని ఉండిపోయాడు.

అంకుల్ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. "పేరుందా?"

ఉందంటే చాలు. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు కానీ చూపు పోయింది. ఆ కాగితం ఇంకెవరూ చూడరు. దేవుడు క్షమిస్తాడనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చూశాను.

"లేదంకుల్. ముగ్గురి పేర్లూ లేవు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను చేసిన పని ఎంత క్రూరమో అప్పుడే తెలిసింది. ఆయన పెదవులు కదిలాయి, ప్రార్థన. "తండ్రీ, దిగిపోయిన ఆ ఇద్దరినీ క్షమిస్తున్నాను. ఉండిపోయిన ఆ ఒక్కడి కోసం నీకు స్తోత్రం. ముగ్గురిలో మా నాన్న ఉన్నాడు." తర్వాత నా వైపు తిరిగి, "ఇది టైప్ చెయ్, అమ్మాయ్. చివర పెట్టు" అన్నారు.

అంకుల్ పోయాక, ఆయన జ్ఞాపకార్థ కూడికలో నన్ను మాట్లాడమన్నారు. మధ్యలో ఒక ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ఉండిపోయింది వాళ్ళ నాన్నగారే కదమ్మా?" అని అడిగింది. గది మొత్తం నా జవాబు కోసం చూస్తోంది. "తెలియదాంటీ" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ నిశ్శబ్దం నాతోనే ఇంటికి వచ్చింది. ఈనాటికీ దానితో స్థిమితంగా కూర్చోలేను, అది పోవాలని ప్రార్థించనూ లేను.