ప్రెబెన్ కట్టిన కంప్యూటర్ గూడు

ఎస్బియెర్ రేవులో క్రేను నడిపి రిటైరైన ప్రెబెన్‌కు, ప్రపంచంలో తెలియని విషయమంటూ ఏదీ మిగల్లేదు. అతని భార్య ఎల్సెబెత్‌కు చదరంగమొక్కటే తెలుసు. రోజూ మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, బోర్న్‌హోమ్ దీవిలో ఉండే చిన్ననాటి స్నేహితురాలు బిర్తేతో ఆడేది. కంప్యూటర్ రొద తన కునుకు చెడగొడుతోందని ప్రెబెన్ ఆ వేసవిలో దానికి ఓక్ చెక్కతో గూడు కట్టి, లోపల దళసరి ఉన్నిగుడ్డ అంటించి, తలుపు బిగించాడు. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించాడు.

ఆ తర్వాతే రోగం మొదలైంది. ఆట రసపట్టులో ఉండగా తెర బిగుసుకుపోయేది. కాసేపటికి కంప్యూటర్ మొత్తం ఆరిపోయేది. బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఎత్తు వెయ్యాల్సిన గడువు తీరి ఆట బిర్తేకు దక్కేది.

"ఓడిపోయేటప్పుడే మీ ఇంట్లో కరెంటు పోతుందేమే?" అని బిర్తే ఫోన్ చేసింది.

"నేను గెలిచేటప్పుడు పోతోందే తల్లీ!"

"సరేలే, నమ్మాను."

ఆ నమ్మిన తీరుకు ఎల్సెబెత్‌కు రాత్రి అన్నం సహించలేదు.

ప్రెబెన్ రంగంలోకి దిగాడు. గోడ ప్లగ్గు మార్చాడు, తీగ మార్చాడు. కరెంటు అందించే డబ్బా కొత్తది బిగించాడు. మెమరీ ముక్కలు పీకి రబ్బరుతో రుద్దాడు. చివరికి అంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించాడు. ఆమె దాచుకున్న పాత ఆటలన్నీ గంగలో కలిశాయి.

"కుదిరిందా?" అన్నాడు గర్వంగా, మర్నాడు ఆమె కంప్యూటర్ ముందునుంచి లేవగానే.

"రోగికి మతి పోయింది. రోగం మాత్రం క్షేమం."

"నువ్వు ఎత్తు ఎత్తుకీ అంతసేపు ఆలోచిస్తే ఏ యంత్రమైనా అలిసిపోతుంది!"

"నేనూ మానేస్తే ఈ ఇంట్లో ఆలోచించేదెవరు?"

అలా అన్నాకే ఆమెకు తట్టింది. అతగాడు టేబుల్ మీద విప్పి పెట్టుకుని కోస్తున్నంతసేపూ కంప్యూటర్ ఒక్కసారైనా ఆగలేదు. గూట్లో పెట్టి తలుపు వేస్తేనే దానికి ప్రాణం మీదికొస్తోంది. గూట్లో చెయ్యి పెట్టి చూసి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకుంది.

"ప్రెబెన్, రొట్టె పిండి ఇందులో పెట్టెయ్యనా? ఓవెన్ ఖర్చు తప్పుతుంది."

"అది ఓక్! చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు!"

"మెచ్చుకున్నవాళ్లని తలా గంటసేపు అందులో కూర్చోబెట్టు."

అతను రెండు కప్పుల కాఫీ తాగాడు. తర్వాత రంపం తెచ్చి, సొంత మనిషిని సాగనంపుతున్న మొహంతో గూటి వెనక చెక్క కోసేశాడు. సాయంత్రానికల్లా, వేడి సంగతి తానే కనిపెట్టానని పక్కింటివాళ్లకు వివరిస్తున్నాడు.

మర్నాటి ఆట చివరిదాకా సాఫీగా సాగింది. బిర్తే ఆమె మంత్రిని కొట్టేసి, తీరిగ్గా రాజును కట్టేసింది.

గదిలో చడీచప్పుడూ లేకపోయేసరికి ప్రెబెన్ తొంగిచూశాడు. "ఏం, మళ్లీ ఆగిపోయిందా?"

"ఆగలేదయ్యా," అంది ఎల్సెబెత్. "అదే నా ఖర్మ."