ఆపా చదివిన తుర్కీ బజారు

మొన్న ఒమాన్‌లో, ఈ బురైమి ఊళ్లో కళ్లద్దాల దుకాణంలో నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడమీది టీవీలో అరబ్బీ మాటలతో ఏదో తుర్కీ సీరియల్ వస్తోంది. రాతి కమానుల కింద చెప్పులు కుట్టేవాళ్లూ, రాగి గిన్నెలు కొట్టేవాళ్లూ బారులు తీరి కూర్చున్న పాతకాలపు బజారు. రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదట. ఆ బజారు నేనెరిగినదే మరి. ముప్పై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో, ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో, ఎండవేళ షట్టరు దించుకున్నాక మేం నలుగురం రోజూ అక్కడికే వెళ్లొచ్చేవాళ్లం.

తీసుకెళ్లేది ఆపా, ఉర్దూలో అక్క అని మేమందరం అట్లా పిలిచేవాళ్లం. హైదరాబాదు మనిషి, మా అందరికంటే పెద్దది, నాకు చేతికుట్టు నేర్పిన గురువు. పాతపుస్తకాల బండి మీద కొన్న, అట్టలు ఊడిన తుర్కీ నవలలు, ఉర్దూలోకి మార్చినవి, ఆమె పెట్టెలో బట్టల అడుగున ఉండేవి, రోజూ కొంత మాకు పైకి చదివేది. మాది నిజామాబాదు పక్క పల్లె కాబట్టి ఉర్దూ చదవడం రాకపోయినా చెవికి కొత్తకాదు. ఏసీ రొదలో కలిసిపోయే ఆమె గొంతు వింటూ, మిషను మీద తల ఆనించి, నిద్రో మెలకువో తెలియకుండా ఆ వీధుల్లో తిరిగేదాన్ని. అక్కడ ఏ పనివాడూ ఒంటరి కాదు, పనిపనికీ ఒక సంఘం. పని వచ్చినవాడి నడుముకు గురువు పట్టీ కట్టేవాడు. శిష్యుడు తప్పుచేస్తే అందరి ముందు జవాబు చెప్పేదీ గురువే. పొద్దున్నే తన బేరం అయినవాడు, తర్వాత వచ్చిన మనిషిని ఇంకా బోణీ కాని పక్క దుకాణానికి పంపేవాడు.

ఆ బోణీ సంగతి నా మనసులో ఉండిపోయింది. మా ఎదురుగా ఒక కేరళామె కొత్తగా కుట్టు దుకాణం నడుపుతూ, బేరాల్లేక వారాల తరబడి గుమ్మంలో నిలబడి మా వైపే చూస్తుండేది. ఒకరోజు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఒక ఒమానీ తల్లి కూతురి పెళ్లిబట్టలు తెస్తే, జరీపని ఎదురామె బాగా చేస్తుందని చెప్పి పంపించేశాను.

సాయంత్రానికి యజమానురాలికి తెలిసింది. అందరినీ నిలబెట్టి ఎవరి పని ఇదని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఆపా సూదిని గుడ్డకు గుచ్చి, "మైంచ్ భేజీ, మేడమ్," అంది. నేనే పంపాను, అని. ఆ తర్వాతైనా నేను నోరు తెరవలేదు. వారం తిరక్కుండా ఆమె వీసా రద్దయింది.

పెట్టె సర్దుకుంటుంటే పక్కన కూర్చుని ఏడ్చాను. "ఎందుకట్ల చెప్పినవ్ ఆపా?"

"నీకు పని నేర్పింది నేనే గదా బేటీ," అని పెట్టె మూసింది.

నవలల్లో అయితే అలాంటప్పుడు బజారంతా లేచి నిలబడుతుంది. మాలో ఎవరూ లేవలేదు. లేని మంచితనాన్ని అంత తియ్యగా ఎందుకు రాస్తారని ఆ రాసినవాళ్ల మీద చాలాకాలం కోపంగా ఉండేది. ఇప్పుడు ఆ కోపం లేదు. ఇక్కడి ఆడవాళ్లు పైన వేసుకునే నల్ల అంగీలు, అబాయాలు, కుట్టించుకునేవాళ్లే తగ్గారు, అన్నీ రెడీమేడ్. మధ్యాహ్నం పనివాళ్లం ఉండే రూములో ఎవరి ఫోను వాళ్లది. ఆ కాలపు తుర్కీ బజార్లు నిజంగా అట్లా ఉండేవో లేదో నాకు తెలియదు గానీ, అక్కడి మనిషిలాంటి ఒకామె పక్కన ఆరేళ్లు కూర్చుని కుట్టాను. ఈ మాట మా రూములోని కొత్త పిల్లలకు చెబితే, ఏదో నవల్లో చదివిందే చెబుతున్నానని అనుకుంటున్నారు.