పటేల్ బస్సు దిగిన రోజు

మా ఊరి పటేల్‌ను నడిరోడ్డు మీద బస్సులోంచి దింపిన ఘనత నాదే. నా ప్రమేయం కొంత, పాఠ్యపుస్తకం ప్రమేయం కొంత.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నా పదో తరగతి ఒక ఏడాది వెనక్కి పోయింది. నా వయసు మాత్రం వెనక్కి పోలేదు కదా, అమ్మ ఒక సంబంధం చూసి పెట్టింది. నేను అలిగి అన్నం మానేస్తే బాపు మధ్యేమార్గం చెప్పాడు. ఈసారి పాసైతే కాలేజీ, తప్పితే పెళ్లి. అన్ని పరీక్షలూ ఎలాగో గట్టెక్కాయి. సామాన్యశాస్త్రం ఒక్కటే మిగిలింది. పరీక్ష మహబూబాబాద్‌లో. మా నోట్లో అది మానుకోటే.

ఆ పొద్దున బాపు, నేను బస్సెక్కేసరికి ముందు సీట్లో పటేల్ కూర్చుని ఉన్నాడు. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. ఆయన పక్కన కూర్చునే అలవాటు ఊళ్లో ఎవరికీ లేదు. మా బాపు దున్నే పొలం ఆయనదే కాబట్టి మేం ఇంకా వెనక్కి పోయాం.

కురవి దగ్గర అందరం వీరభద్రుడికి చేతులెత్తి మొక్కాం. ఎత్తిన చేతులు దించకముందే బస్సు దగ్గి, వణికి, ఆగిపోయింది.

"సెల్ఫ్ అందుకుంటలేదు. జర దిగి నూకుండ్రి," అన్నాడు డ్రైవర్.

అందరూ దిగారు, పటేల్ తప్ప. ఆయన్ని దిగమనే ధైర్యం డ్రైవర్‌కే లేదు, ఇక మాకెక్కడిది? అలాగని ఆయన చెడ్డవాడేం కాదు. సాయం చేయాలనే అనుకున్నాడు. కూర్చున్న చోటే ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని ముందుకు తోయడం మొదలుపెట్టాడు. "మీరు ఆడికెల్లి నూకుండ్రిరా, నేను ఈడికెల్లి నూకుత," అన్నాడు.

ఉన్న కొద్దిమంది మగవాళ్లూ ఆయాసపడుతున్నారు. బస్సు కాస్త కదిలినట్టే కదిలి ఆగిపోతోంది. లోపల పటేల్ మొహం ఎర్రబడుతోంది. పరీక్ష వేళ దగ్గరపడుతోంది. కళ్ల ముందు పెళ్లిపందిరి కనిపించి నాకు ఒళ్లు మండింది. కిటికీ దగ్గరకు పోయాను.

"పటేలా, లోపల కూసొని నూకితే బస్సు కదలదు."

"ఎవరే నీకు చెప్పింది?"

"పుస్తకంల ఉన్నది. మీ చేతులు ముంగటికి నూకుతుంటే మీ ఈపు సీటును ఎనుకకు నూకుతున్నది. చెల్లుకు చెల్లు."

పటేల్ ఆలోచించాడు. వీపు సీటుకు ఆనకుండా నిటారుగా కూర్చుని మళ్లీ తోశాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు కాళ్లు కింది రేకును ఎనుకకు తంతున్నయి."

ఆయన పంతం మనిషి. కాళ్లు కూడా పైకెత్తి మడుచుకుని, బలమంతా పెట్టి తోశాడు. బస్సు కదల్లేదు గానీ పటేల్ కదిలాడు. నున్నటి సీటు మీద జర్రున వెనక్కి జారి సీటుకు వీపు కొట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరికీ ఆ క్షణంలోనే టైర్లు పరిశీలించాల్సిన పని పడింది.

"మరి ఏం చెయ్యాల్నంటవ్?"

అక్కడ నోరు మూసుకోవలసింది. "కాళ్లు నేల మీద పెట్టి నూకాలె పటేలా. నేల బస్సుల లేదు, బయట ఉన్నది. మనం దాన్ని ఎనుకకు తంతే అది మనల్ని ముంగటికి నూకుతది."

బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. పటేల్ నన్ను చూశాడు, నేలను చూశాడు. కండువా నడుముకు చుట్టి దిగాడు.

ఆయన బస్సు మీద చెయ్యి వేయగానే మిగతావాళ్లంతా మర్యాదగా పక్కకు జరిగారు. కాసేపు పటేల్ ఒక్కడే బస్సును తోశాడు. "ఏందిరా, నేనొక్కన్నేనా?" అని ఆయన కసిరితేగానీ ఎవరూ దగ్గరకు రాలేదు. అందరూ కలిసి తోసేసరికి ఇంజన్ అందుకుంది. ఆపితే మళ్లీ చచ్చిపోతుందని డ్రైవర్ ఆపలేదు. ఉరికి ఎక్కగలిగినవాళ్లం ఎక్కాం. పటేల్ మాత్రం ఒళ్లంతా బస్సు మీదే మోపి ఉన్నాడు. బస్సు ముందుకు పోయింది, ఆయన ఒళ్లు కూడా ముందుకే పోయింది. మధ్యలో ఆనుకోవడానికి ఏమీ లేక దుమ్ములో బోర్లా పడ్డాడు.

కండక్టర్ గంట తాడు మీద చెయ్యి వేశాడు. బాపు వెనక్కి చూశాడు. లేచి దులుపుకుంటున్న పటేల్‌ను చూశాడు, నన్ను చూశాడు.

"పిల్ల పరీక్ష ఉన్నదన్నా, పోనియ్యి," అన్నాడు మెల్లగా.

బాపు పటేల్‌ను కాదని ఒక మాట అనడం నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే పరీక్ష రాశాను. చర్య, ప్రతిచర్య గురించి ప్రశ్న వస్తే, బస్సులో కూర్చున్న ఒక పెద్దమనిషిని ఉదాహరణగా పెట్టి పేజీ నింపాను.

సాయంత్రం ఇంటికి కూడా పోకుండా బాపు నన్ను పటేల్ ఇంటికి తీసుకుపోయాడు. పొలం పోయినట్టేనని దారంతా గొణుక్కున్నాడు. పటేల్ అరుగు మీద కూర్చుని అరచేతులకు పసుపు పెట్టుకుని ఉన్నాడు. బాపు వంగి కాళ్లు పట్టుకోబోతే ఆపి, నా వైపు తిరిగాడు.

"పరీక్ష ఎట్ల రాసినవ్?"

"మంచిగనే రాసిన పటేలా."

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎడ్లు ఇప్పి బండిల కూసొని నూకి చూసిన. నువ్వు చెప్పింది నిజమే, కదల్లేదు."

నాకు నవ్వొచ్చింది. బాపు నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"పిల్లను కాలేజీకి తోలుడే మంచిది," అన్నాడు పటేల్ బాపుతో. "ఊర్ల ఉంచితే నన్ను ఇంకా ఎక్కడెక్కడికెల్లి దించుతదో."